క్రొత్త మోకాలు, పాత నొప్పి



ఆదివారమున ఆరాధన ముగిసి అందరు లేచునప్పుడు, మీ సంఘములో కడపట లేచునది ఎవరో ఎప్పుడైనను గమనించితిరా? చాపమీద కూర్చున్న స్త్రీలలో ఒకామె ముందు అరచేతిని నేలకు ఆనించును. పిమ్మట గోడను వెదకును. పండ్లు బిగబట్టి, ఎవరును తన్ను చూచుటలేదని తెలిసికొని, అప్పుడు లేచును. ముప్కాల్‌లో పదునెనిమిది యేండ్లు ఆ కడపటి మనిషిని నేనే.

మోకాళ్ల కథ ఎవరికి కావలెనని మీరనవచ్చును. వ్రాయుటకు నాకును సంకోచముగానే యున్నది. అయితే బీడీలు చుట్టిన స్త్రీలు, పసుపు త్రవ్విన స్త్రీలు, నాట్లు వేసిన స్త్రీలు మన పల్లెలనుండి ఈ దినములలో మోకాలిమార్పిడి ఆపరేషనుకు పోవుచున్నారు. వారిలో ఎక్కువమందికి అది మేలే చేయుచున్నది. కొందరికి మాత్రము ఆపరేషను చక్కగా జరిగినను నొప్పి పోదు. ఆ కొందరిలో నేనొకతెను. ఎందుకు పోలేదో తెలిసికొనుటకు నాకు రెండేండ్లు పట్టెను. మీకు అంత కాలము పట్టకుండవలెనని ఈ నాలుగు మాటలు.

మాది జాతీయ రహదారి ప్రక్కనున్న ఊరు. 1963లో నెహ్రూగారు పోచంపాడువద్ద గోదావరి ఆనకట్టకు పునాదిరాయి వేసిననాడు మా బాపు చూడబోయి, ఆ జనములో చెప్పులు పోగొట్టుకొని వచ్చెనట. నేనప్పటికి పుట్టలేదు. నాకు బుద్ధి తెలిసిననాటికి మా యింట అవ్వ, ఇద్దరు అక్కలు, నేను, అందరము బీడీలే. పన్నెండవ యేట చాట నా ఒడిలోనికి వచ్చెను. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టవలెను. దినమునకు వెయ్యి చేసినగాని కూలి కంటికి కనబడదు. బాసింపట్టు వేసి కూర్చున్నవారము పొద్దుగూకువరకు ఆ మడిచిన కాళ్లను మరచిపోవుదుము. లేచునప్పుడు అవే జ్ఞాపకము చేయును.

మా అవ్వ మోకాళ్లు అట్లే అరిగినవి. నావి అట్లు చెడినవి కావు. ఈ భేదము తెలియకనే మన స్త్రీలు ఏండ్లకొలది మోసపోవుచున్నారు గనుక ఇక్కడ కొంచెము నిలిచి చెప్పెదను. అరిగిన కీలు పని చేసినకొలది నొచ్చును, విశ్రమించిన తగ్గును. నాకు 1999లో, ముప్పది నాలుగవ యేట, వ్రేళ్ల కణుపులలో మొదలైనది. రెండు చేతులకును ఒకేమారు వాచెను. తెల్లవారి లేచినప్పుడు వ్రేళ్లు కర్రలవలె బిగిసియుండెడివి. ఎండ వాకిటిలోనికి వచ్చువరకు విడువకపోయెడివి. చాయగ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకొని త్రాగితిని. దారము ముడి వేయలేక ఏడ్చితిని. దీనిని కీళ్లవాతమందురు, వైద్యులు రుమటాయిడ్ అందురు. మన శరీరమును కాపాడుటకై లోపల నున్న కావలి శక్తియే దారి తప్పి, కీలు లోపలి పొరను శత్రువనుకొని దాని మీద పడును. పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడింతలు ఎక్కువగా వచ్చును. కూర్చుండి చేసిన పనివలన వచ్చినది కాదు, పాపమువలన వచ్చినది అసలే కాదు.

నేను ఏమి చేసితిని? మీరు ఏమి చేయుదురో అదే చేసితిని. సూది వేయించుకొంటిని. ఊరిలో సూదిమందు ఇచ్చువాడు ఒకడు యింటికే వచ్చెడివాడు. సూది పడిన మూడు దినములు నేను పదునెనిమిదేండ్ల పిల్లను. బావినుండి నీళ్లు తోడితిని, వెయ్యి బీడీలు చేసితిని. నాలుగవ దినమున మరల ముసలిదానను. ఇట్లు తొమ్మిదేండ్లు గడిచెను. ముఖము గుండ్రముగా ఉబ్బినప్పుడు చుట్టములు “మంచిగ ఒళ్లు చేసినవే” అని సంతోషించిరి. అది ఒళ్లు కాదు. ఆ సూదిలో స్టిరాయిడ్ ఉండెనని, అది చాలకాలము వాడిన యెముకలను గుల్లపరచి రక్తములో చక్కెరను పెంచునని, హైదరాబాదులో కీళ్లవాత వైద్యురాలు ఒకామె చెప్పువరకు మాకు తెలియదు. ఆమె నాకు మెథోట్రెక్సేట్ అను మాత్ర వ్రాసెను. “వారానికి ఒక్క రోజేనమ్మా. ఏ రోజో గుర్తు పెట్టుకో. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తది” అని మూడుమార్లు చెప్పి, నా చేత మరల చెప్పించెను. నేను ఆదివారము నిర్ణయించుకొంటిని, మరువకుండునట్లు. కొన్ని నెలలలో చేతుల వాపు దిగెను. అగ్ని ఆరెను గాని, చదువరీ, ఇల్లు అప్పటికే కాలెను. కుడి మోకాలు వంగిపోయి చాచుటకు రాకుండెను. ఎడమది దాని వెనుకనే పోవుచుండెను.

కాలిన కీలును తీసివేసి క్రొత్తది పెట్టు విద్య మన జీవితకాలములోనే స్థిరపడినది. ఇంగ్లండులో జాన్ చార్న్లీ అను శస్త్రవైద్యుడు 1962లో తుంటికీలుకు స్థిరమైన పద్ధతి కనుగొనెను. ఆయన పనిచేసిన రైటింగ్టన్ ఆసుపత్రిలోనే 1968లో ఫ్రాంక్ గన్‌స్టన్ అను కెనడా వైద్యుడు మోకాలికి దారి చూపెను. 1970ల మొదటి సగములో న్యూయార్కులో ఇప్పటి మోకాలికి మూలమైన నమూనా తయారైనది. దానిని తయారుచేసినవారిలో మన దేశములో పుట్టిన చిత్తరంజన్ రణావత్ గారొకరు. 2000 అక్టోబరులో ప్రధానమంత్రి వాజపేయిగారి ఎడమ మోకాలిని బొంబాయిలో మార్చినది ఆయనే. ఆ యేడు ఆ వార్త మా యింటి రేడియోలో వచ్చినప్పుడు నా చేతిలో చాట ఉన్నది. ప్రధానమంత్రి మోకాలు గదా, మనకేల అనుకొంటిని.

2017 ఆగస్టులో ప్రభుత్వము ఈ కృత్రిమ మోకాళ్లకు ధర కట్టడి చేసినది. సాధారణముగా వాడు కోబాల్టు క్రోమియము మోకాలికి పన్ను గాక 54,720 రూపాయలకు మించి తీసికొనరాదని ఉత్తరువు. అంతకు మునుపు దాని ధర లక్షన్నర మాట. దుబాయిలో పని చేయుచున్న మా పెద్ద కుమారుడు ఆ వార్త చదివి, “అమ్మా, ఇంక ఆగద్దు” అని ఫోను చేసెను. ఆసుపత్రి ఖర్చు, మందులు, గది కూలి కలిపి రెండు లక్షలు దాటెను. వాని రెండేండ్ల ఓవర్‌టైము అది. 2018లో హైదరాబాదులో నా కుడి మోకాలిని మార్చిరి.

ఏమి చేయుదురో చెప్పినచో భయము తగ్గును. మోకాలిని మొత్తము కోసి తీసివేయరు. తొడయెముక చివరను, కాలియెముక పైభాగమును చెడినంత మట్టుకు పలుచగా కోసి, పైదానికి లోహపు తొడుగు, క్రిందిదానికి లోహపు పళ్లెము బిగించి, ఆ రెండింటి నడుమ గట్టి ప్లాస్టిక్ దిండు ఉంచుదురు. మరునాడే నన్ను లేపి నిలువబెట్టిరి. నా కాలు నిటారుగా ఉండెను! పదేండ్ల తరువాత రెండు పాదములును ఒకే నేలమీద ఆనినవి. ఆ దినమున నేను చేసిన స్తోత్రము అబద్ధము కాదు. తరువాత జరిగినదంతయు చెప్పుచున్నాను గనుక దీనిని మొదట చెప్పుట న్యాయము.

మూడు నెలలు నొప్పి సహజమనిరి, ఓర్చుకొంటిని. ఆరు నెలలకును తగ్గలేదు. ఇది పాత నొప్పివంటిది కాదు. చీరె అంచు తగిలిన మంట. దుప్పటి బరువునకు నిద్ర పట్టదు. పగలు నడువగలను, రాత్రి ఏడ్చెదను. కుమారుడు ఫోనులో “ఎట్లుందమ్మా” అని అడిగిన “మంచిగుంది బిడ్డా” అంటిని. వాని చెమట మోకాలిలో పెట్టుకొని నొప్పి ఉన్నదని ఎట్లు చెప్పుదును? నా పెనిమిటి మంచివాడే. అయినను ఒక రాత్రి విసిగి, “రెండు లచ్చలు మట్టిల పోసినట్టాయె” అని గోడతో అనెను. మా వదిన సూటిగా నాతోనే అనెను: “ఏందే, కొత్త మోకాలు ఏయించుకుంటివి, ఇనుము గూడ నొస్తదా?”

వీటన్నిటికంటె నన్ను గాయపరచిన మాట సంఘములో వచ్చెను. ప్రార్థనకూడికలో ఒక సహోదరి, ప్రేమతోనే, నా భుజముమీద చేయి వేసి, విశ్వాసములో ఏదో లోపమున్నదేమో పరీక్షించుకొమ్మనెను. నేను పరీక్షించుకొంటిని. నెలల తరబడి అదే చేసితిని. సండేస్కూలు పిల్లలకు పాఠము చెప్పుట మానితిని, ఆరాధనకు పోవుట మానితిని. తొడ కీలు తప్పి ఆ తెల్లవారుజామున కుంటుచు వెళ్లిన యాకోబు పాఠము నేను ఎన్నిమార్లో ఆ పిల్లలకు చెప్పినదానను. కుంటుచున్నవానినే దీవించిరని చెప్పినదానను. నా వంతు వచ్చినప్పుడు ఆ పాఠము నాకు జ్ఞాపకము రాలేదు.

పదునాలుగవ నెలలో మరల హైదరాబాదు పోతిని. క్రిమి చేరినదేమోనని రక్తపరీక్ష, బిగింపు వదులైనదేమోనని ఎక్స్‌రే, అన్నియు చేసిరి. నొప్పి పోనివారు మొట్టమొదట చేయించుకొనవలసినది ఇదే. వీటిని చూడకుండ నీ మనస్సులోనే ఉన్నదనువారి మాట నమ్మకుడి. నా పరీక్షలలో దోషమేమియు లేదు. అప్పుడు వైద్యుడు కుర్చీ దగ్గరకు జరుపుకొని చెప్పెను: “అమ్మా, కీలు మంచిగనే ఉంది. మీకు నొప్పి ఉందన్నది గూడ నిజమే. రెండూ నిజమే.” పదునాలుగు నెలలలో నా నొప్పిని నిజమన్న మొదటి మనిషి ఆయన. నేను అక్కడనే ఏడ్చితిని.

ఆయన చెప్పినదానిని నా మాటలలో చెప్పెదను. నొప్పి పుట్టు చోటు కీలు. నొప్పి తెలియు చోటు తల. నడుమ నరములు వార్త మోయును. జొన్నచేనిలో మంచె మీద పిల్లవానిని కావలి పెట్టుదుము గదా. పిట్ట వాలిన కేక వేయుట వాని పని. పందొమ్మిదేండ్లు ఎడతెగక పిట్టలే వాలిన చేనిలో కావలియున్నవాడు ఏమగును? ఆకు కదలినను కేక వేయును. చేను కోసి కంకులు ఇల్లు చేర్చిన తరువాతను మంచె దిగడు. నా నరములు అట్లయినవి. ఆపరేషను చేనిని బాగుచేసినది, కావలివానికి ఆ వార్త చేరలేదు. వాడు చెడ్డవాడు కాడు, కేకలు నటన కావు.

ఇట్టివారు నేనొక్కతెనే కానని కూడ అప్పుడే తెలిసెను. 2012లో బ్రిస్టల్ పరిశోధకులు అనేక పరిశోధనలను కలిపి చూడగా, మోకాలు మార్చుకొన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి, తుంటి మార్చుకొన్నవారిలో సుమారు పదిమందిలో ఒకరికి, చాలకాలము బాధించు నొప్పి మిగిలెను. ఆపరేషనుకు ముందే ఒంటిలో పలుచోట్ల నొప్పులున్నవారికి, నిద్ర లేనివారికి, దిగులుతో కృంగినవారికి ఈ అపాయము ఎక్కువ. మోకాలు మాత్రము గట్టిదే: 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారము 100కి 82 మోకాళ్లు 25 ఏండ్లు నిలుచుచున్నవి.

ఇక నా తప్పు చెప్పవలెను. ఆపరేషనుకు ముందు వైద్యుడు నన్ను అడిగెను: “ఇంకెక్కడన్న నొప్పులున్నయా అమ్మా? నిద్ర పడుతదా?” మెడ, వీపు, చేతులు అన్నియు నొచ్చుచుండెను; మూడు గంటలకు మించి నిద్ర లేదు. “ఏం లేవు సారూ” అంటిని. ఉన్నవని చెప్పినచో ఆపరేషను చేయరేమోనని భయము. అంతటితో ఆగలేదు. మాత్రల వలన గాయము మానదని ఎవరో చెప్పగా, నెల ముందునుండి మెథోట్రెక్సేట్ ఎవరిని అడుగకుండ మానివేసితిని. కీళ్లవాతము మరల రేగి, ఆ మంటతోనే బల్ల ఎక్కితిని. కీళ్లవాత వైద్యులును ఎముకల వైద్యులును కలిసి 2017లో అమెరికాలో ఇచ్చిన సలహాలో, ఆపరేషను వేళ మెథోట్రెక్సేట్ మానవలసిన పని లేదనియు, సూదిరూపమున ఇచ్చు కొన్ని క్రొత్త మందులను మాత్రము ముందుగా ఆపవలెననియు ఉన్నది. ఏది మానవలెనో ఏది మానరాదో మీ వైద్యుడు చెప్పవలెను గాని, నాకు చెప్పిన ఆ ఎవరో కాదు. మోకాలిలో స్టిరాయిడ్ సూది వేయించుకొని యుంటిరా? అదియు దాచకుడి, ఆపరేషనుకు మూడు నెలల లోపల అట్టి సూది పడిన, క్రిమి చేరు భయము పెరుగును.

హైదరాబాదునుండి తిరిగి వచ్చు బస్సు డిచ్‌పల్లి మీదుగానే వచ్చును. అక్కడి ఆసుపత్రి సంగతి మీలో పెద్దవారికి తెలియును. స్కాట్లండునుండి వచ్చిన ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్ గారు కుష్ఠరోగులకై ఆ పని మొదలుపెట్టిరి. రాజా నర్సాగౌడ్ గారు అను హిందూ దాత ధనసహాయము చేయగా 1915లో ఆసుపత్రి తెరిచిరి. ఆ దొరసానిగారు 1932లో చనిపోవువరకు ఈ పనిలోనే ఉండిరి. మా అమ్మమ్మ చిన్నతనములో ఆ దారిన పోవునప్పుడు కొంగు ముక్కుకు అడ్డము పెట్టుకొనెడిదట. మన పెద్దలు కుష్ఠము వ్రేళ్లను తినివేయుననుకొనిరి. అది నిజము కాదు. ఆ రోగము నరములను చంపును, నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు పొయ్యిమీది కుండను వట్టి చేతులతో దించును, ముల్లు గుచ్చుకొన్న కాలితో పొద్దంత నడుచును. అట్లు వ్రేళ్లు పోవును. వేలూరులో పాల్ బ్రాండ్ అను వైద్యుడు 1940ల చివర కుష్ఠరోగుల ముడుచుకొనిపోయిన చేతులకు శస్త్రము చేసి వ్రేళ్లను తెరిపించెను. ఆ బాగుపడిన చేతులు మరల గాయపడుట చూచి, చేతిని సవరించగలముగాని నొప్పిని ఇచ్చుట ఎట్లని ఆయన ఏండ్లకొలది వెదకెను.

ఆ సాయంత్రము బస్సు కిటికీలోనుండి డిచ్‌పల్లి చెట్లు చూచుచు, కావలివాడే లేని చేను వారిది, కావలివాడు దిగని చేను నాది అని తలంచితిని. నొప్పిని తీసివేయుమని ఎన్నడును అంత గ్రుడ్డిగా ప్రార్థించకూడదనిపించెను. అయినను ఆ రాత్రి మరల అదే ప్రార్థించితిని. నొప్పిలో నున్నవారు వేరుగా ప్రార్థించలేరు.

వైద్యుడు నాకు చూపిన దారి మిక్కిలి చిన్నది. రాత్రివేళ నరములను నెమ్మదిపరచు మాత్ర చిన్న మోతాదులో ఇచ్చెను. దినమునకు ఇంత అని లెక్కించి నడువుమనెను: మొదటి వారము బడి వరకు, తరువాత చెరువుకట్ట వరకు, నొచ్చినను అంతే, నొవ్వకున్నను అంతే. బాగున్న దినమున ఉత్సాహపడి రెండింతలు నడిచి మరునాడు మంచము పట్టుటయే నా అలవాటు. దానిని మాన్పించుటకు ఆయనకు అన్నిటికంటె ఎక్కువ కష్టమైనది. మంట తెలియు చోట మెత్తని గుడ్డతో, పిమ్మట ముతక గుడ్డతో దినదినము రుద్దుమనెను. చీరె అంచును నా మోకాలు మరల ఓర్చుకొనుటకు ఎనిమిది నెలలు పట్టెను. ఇప్పుడు నొప్పి పోయినదా? పోలేదు. పదిలో తొమ్మిది ఉండినది నాలుగైనది. నాలుగుతో నిద్ర పట్టుచున్నది.

మా వదిన సంగతి చెప్పకుండ ఈ పత్రము ముగించలేను. నా మోకాలిని వెక్కిరించిన ఆమెకే తరువాత ఒళ్లంతయు నొప్పులు పట్టుకొనెను. ఆసుపత్రికి పోయి తన మోకాళ్లనుకూడ మార్చుమని పట్టుబట్టెను. ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిపాటిదే. వైద్యుడు దానికి ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పి, ఇప్పుడు కత్తి పెట్టనని, నిద్ర, నడక, మాత్ర మొదట అని పంపివేసెను. “పైసలు లేనిదాన్నని చేయనన్నడు” అని ఆమె ఊరంతయు చెప్పుకొనెను. కమ్మలు అమ్మి మరియొక చోటికి పోవుటకు సిద్ధపడెను. నేను ఆమె అరుగుమీద కూర్చుండి, ముప్పావుగంట, నా మోకాలు చూపి చెప్పితిని. ఆమె వినలేదనుకొంటిని. కమ్మలు ఇంకను ఆమె చెవులకే ఉన్నవి.

ఆరాధనకు మరల పోవుచున్నాను. చాపమీద కాక వెనుక వరుసలో కుర్చీ వేసికొందును. ప్రభురాత్రి భోజనమునకు మోకరించలేను, క్రొత్త మోకాలు నేలకు ఆనిన బాగుండదు, నిలువబడియే పుచ్చుకొందును. భుజముమీద చేయి వేసిన ఆ సహోదరియే ఇప్పుడు నాకు కుర్చీ తెచ్చి వేయును. ఆ మాట మేమిద్దరము ఎత్తుకొనలేదు.

ఎడమ మోకాలిని ఇక మార్చవలసినదే. వచ్చే నెల తేదీ అడుగబోవుచున్నాను. ఈసారి ఒక కాగితముమీద అన్నియు వ్రాసికొంటిని: మెడ, వీపు, నిద్ర గంటలు, మాత్రల పేర్లు, వేయించుకొన్న సూదులు, మొదటిసారి చెప్పిన అబద్ధము. కుమారునికిని నిజము చెప్పితిని. వాడు ఫోనులో చాలసేపు పలుకక, “అప్పుడే చెప్పకపోతివి అమ్మా” అనెను. తోడు ఎవరు వత్తురని అనుకొనుచుండగా వదిన వాకిటిలోనికి వచ్చి, “నేనొస్త. ఆ కాయిదం నా చేతికియ్యి, నువ్వు ఆడికి పోయినంక మల్ల ఏం లేదంటవు” అని, దానిని మడిచి తన కొంగున ముడి వేసికొనెను.